అప్‌డేట్: అమ్మకు లినక్స్ వచ్చేసింది, నాన్నకే ఇంకా రాలేదు

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది, మా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కదు, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే ఎన్నడూ కంప్యూటర్ ముట్టని అమ్మ నేర్చుకోగలదా అని అప్పట్లో అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

వేశాను. అమ్మ వారంలో అలవాటుపడింది. ఫోనులో యాప్‌లు దించుకోవడం వచ్చు కాబట్టి మింట్‌లో ప్రోగ్రాములు దించుకునే సాఫ్ట్‌వేర్ మేనేజర్ తనకు కొత్తగా అనిపించలేదు. ఇరవై ఏళ్లు ఆఫీసులో విండోస్ వాడిన నాన్నకే కష్టమైంది. ఎక్కడినుంచో లినక్స్‌లో నేరుగా నడవని ఈఎక్స్ఈ ఫైలు (విండోస్ ప్రోగ్రాము) దించి, దానిమీద పదే పదే నొక్కుతూ కూర్చున్నారు. లినక్స్‌లో లేని సి డ్రైవ్ ఎక్కడుందని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆయనకు చేతకాక కాదు. వచ్చినదాన్ని ముందు మరచిపోవాల్సి రావడం నిజంగా కష్టం.

అసలు చిక్కు తెలుగు టైపింగుతో వచ్చింది. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చాను. అందులో వచ్చే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. అమ్మ ఆ అక్షరాలన్నీ ఒక అట్టముక్క మీద రాసుకుని తెరకు ఆనించి పెట్టుకుంది. 'క్ష' మూడు రోజులు ఏడిపించింది. క, పొల్లు, ష వరుసగా కొట్టాలని తెలిశాక మొన్న వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్‌లో పిన్నికి పేజీ నిండా ఉత్తరం రాసింది. ఒక్క ఒత్తు తప్పు పోలేదు! ప్రింటు తీయించబోతే దుకాణంలో అక్షరాలు చెదిరిపోయాయి. దాంతో ఎక్కడ తెరిచినా అక్షరాలు చెదరకుండా పీడీఎఫ్‌గా భద్రపరచడం కూడా నేర్చుకుంది.