ఐదేళ్ల పెట్రోలు కారు: సర్వీసు, బీమా, టోలు ఖర్చుల్లో ఎక్కడ తగ్గించుకోవచ్చు?

సూర్యాపేట మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను సూర్యాపేటలో ఉపాధ్యాయుడిని. మాది 1,200 సీసీ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కొని ఐదేళ్లు కావస్తోంది, వారంటీ ముగిసింది. మామూలు రోజుల్లో ఊళ్లోనే తిరుగుతాను, దాదాపు ప్రతి ఆదివారం అమ్మానాన్నలను చూడటానికి హైదరాబాదు వెళ్లి వస్తాను. బ్యాంకు వాయిదాలు తీరిపోతే భారం తగ్గుతుందనుకున్నాం గానీ, కారు పేరున జీతంలోంచి నెలనెలా పోయేది పోతూనే ఉంది.

మొన్నటి సర్వీసు బిల్లులో ఇంజన్ ఫ్లషింగ్, త్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్ అని విడివిడిగా పద్దులు కనిపించాయి. ఎందుకని అడిగితే "అన్ని కార్లకూ చేస్తామండీ" అన్నారే తప్ప కారణం చెప్పలేదు. బీమా గడువు వచ్చే నెలలో ముగుస్తుంది. ఇప్పటివరకు ఒక్క క్లెయిమూ చేయలేదు. ఇటీవల వెనక బంపర్‌కు సొట్ట పడితే, దానికి క్లెయిమ్ పెట్టుకోమని సర్వీసు సెంటరువారు అంటున్నారు. భద్రత విషయంలో రాజీ పడకుండా ఏ ఖర్చు మానుకోవచ్చో, ఏది మానకూడదో తెలిసినవారు వివరించగలరని మనవి.

పాత గ్యారేజీ, విజయవాడ:

మాస్టారూ, చాలాకాలం కార్ల వర్క్‌షాపుల్లో పనిచేసినవాడిని కాబట్టి సర్వీసు సంగతి చెబుతాను. కారుతోపాటు మీకిచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో సర్వీసు షెడ్యూలు పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు ఏ భాగం మార్చాలో, దేనిని చూసి వదిలేస్తే సరిపోతుందో కారు తయారుచేసినవారే అందులో రాసి ఉంచారు. దానిని ఫోనులో ఫొటో తీసుకుని, కారు అప్పగించేటప్పుడు జాబ్ కార్డు (చేయబోయే పనులు రాసి మీ సంతకం తీసుకునే కాగితం) పక్కన పెట్టి వరుసగా చదవండి. పట్టికలో లేని పద్దు జాబ్ కార్డులో ఉంటే, ఫలానా లక్షణం కనిపించింది కాబట్టి ఈ పని చేయాలని వారు మీకు చూపించాలి. చూపించలేకపోతే ఆ పద్దు కొట్టివేయించి, ఆ తరువాతే సంతకం పెట్టండి. "ఫోను చేసి అడగకుండా అదనపు పని చేయరాదు" అని జాబ్ కార్డు మీదే రాయించడం మంచిది.

మీరు చెప్పిన పద్దుల్లో త్రాటిల్ బాడీ క్లీనింగ్, అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే భాగాన్ని శుభ్రం చేయడం అనేది, బండి నిలిపి ఉంచినప్పుడు ఇంజన్ వేగం నిలకడగా లేకుండా పడుతూ లేస్తూ ఉంటే చేయించవలసిన పని. సమయానికి సరైన ఆయిల్ మారుస్తూ వచ్చిన ఇంజన్‌కు ఫ్లషింగ్, అంటే లోపలి మడ్డిని కడిగించే అవసరం సాధారణంగా రాదు. తుప్పు పట్టకుండా కారు అడుగున వేసే అండర్‌బాడీ కోటింగ్ ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి చోట్ల కొంత ఆలోచించదగినదే గానీ, సూర్యాపేటలో ఏటా వేయించనక్కరలేదు.

ఏసీ విషయంలో మీరే చేసుకోగల పని ఒకటుంది. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో క్యాబిన్ ఫిల్టరు గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. బాక్సును రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి దింపితే, లోపల సన్నటి పొడవాటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. ఆ మూత తీసి ఫిల్టరును మెల్లగా బయటికి లాగండి. దాని మడతల్లో దుమ్ము, ఎండుటాకులు పేరుకుపోయి ఉంటే ఏసీ గాలి తగ్గడానికి చాలావరకు అదే కారణం. అంచు మీద ఉన్న బాణం గుర్తు ఎటు చూస్తోందో ముందే గమనించి, కొత్త ఫిల్టరును కూడా అలాగే అమర్చండి. పది నిమిషాలు పట్టే ఈ పనికి కూలీ ఖర్చు లేదు.

మానకూడనివి కూడా చెప్పాలి. మాన్యువల్ చెప్పిన గ్రేడు ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, కూలంటు, బ్రేకు ప్యాడ్లు వాయిదా వేయవలసినవి కావు. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరిగి, అవసరమైనప్పుడు బ్రేకు పట్టును దెబ్బతీస్తుంది. డబ్బు ఆదా చేయడానికి అది తగిన చోటు కాదని గట్టిగా చెబుతున్నాను.

లెక్కల పద్దు, గుంటూరు:

మాస్టారు గారూ, బంపర్ క్లెయిమ్ మీద సంతకం పెట్టేముందు నో క్లెయిమ్ బోనస్ లెక్క ఒకసారి చూడండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏడాదులను బట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన కారుకు జరిగే నష్టానికి కట్టే బీమా భాగంలో) ఇచ్చే ఈ రాయితీ 20, 25, 35, 45 శాతంగా పెరుగుతూ ఐదో ఏడాదికి 50 శాతానికి చేరుతుంది. అంటే ఈ రెన్యువల్‌లో మీకు 50 శాతం రావాలి. ఒక్క చిన్న క్లెయిమ్ చేసినా అది సున్నాకు పడిపోయి, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

రాయితీకి ముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 రూపాయలు అనుకుందాం. క్లెయిమ్ చేస్తే మొదటి ఏడాది 50 శాతం, తరువాతి ఏడాదుల్లో వరుసగా 30, 25, 15, 5 శాతం చొప్పున నష్టపోతారు. మొత్తం 125 శాతం, అంటే 10,000 రూపాయలు. దీనికితోడు తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు మీరే భరించాలి. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల పేరిట కోత వేయని అదనపు కవర్) తీసుకోకపోతే ప్లాస్టిక్ భాగం ధరలో సగం కూడా మీదే. సొట్ట బాగుచేయించడానికి ఐదారు వేలయితే చేతి డబ్బుతో చేయించుకోవడమే లాభం. నడపడానికి అడ్డు లేకపోతే ఉన్నదున్నట్టు వదిలేసినా నష్టం లేదు.

థర్డ్ పార్టీ ప్రీమియాన్ని, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేదాన్ని, ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. పోల్చి చూడవలసింది ఓన్ డ్యామేజ్ భాగాన్ని, అదనపు కవర్లను. గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే బోనస్ మొత్తం పోతుంది కాబట్టి ఆ తేదీని మాత్రం మరువకండి. ఇంకొకటి, ఆ బోనస్ మీది, కారుది కాదు. రేపు ఈ కారు అమ్మి వేరేది కొన్నా ధ్రువపత్రం తీసుకుని దానికి వాడుకోవచ్చు.

కోరంగి దారి, కాకినాడ:

ఫాస్టాగ్ వార్షిక పాస్ మాట ఎవరూ ఎత్తలేదు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు ఇది మొదలైంది. ఏడాది గడువు, లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. సూర్యాపేట నుంచి హైదరాబాదుకు కొర్లపహాడ్, పంతంగి ప్లాజాలు దాటాలి. రానూపోనూ నాలుగు ట్రిప్పులు లెక్కకు వస్తాయి కాబట్టి పాస్ యాభై ప్రయాణాలకు సరిపోతుంది, ఆ ప్రారంభ ధర లెక్కన ఒక్కో ప్లాజాకు పడేది 15 రూపాయలే. మీలా వారం వారం వెళ్లేవారికి ఇంతకంటే సులువైన ఆదా మరొకటి కనిపించదు. ఇది జాతీయ రహదారులకే వర్తిస్తుంది, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు టోలు వేరే కట్టాలి.

పెట్రోలు ధర సరిహద్దు దాటితే మారుతుందని మీకు తెలిసే ఉంటుంది. పుదుచ్చేరి పన్ను తక్కువ కావడంతో మా వైపువారు యానాం మీదుగా వెళ్లినప్పుడు ట్యాంకు నింపుకుంటారు. దారిలో పడితే మంచిదే గానీ, అందుకోసమే బండి తీసి వెళ్లడం దండగ.

సూర్యాపేట మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. బంపర్ క్లెయిమ్ ఆలోచన మానుకున్నాను, పాస్ తీసుకుంటాను. మిగిలింది పెట్రోలు. మైలేజీ మునుపటికంటే తగ్గినట్టు అనిపిస్తోంది. టైర్లలో నైట్రోజన్ నింపిస్తే పెరుగుతుందని ఒకరన్నారు. నిజమేనా?

పాత గ్యారేజీ, విజయవాడ:

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది మాస్టారూ. దానికి డబ్బు పెట్టేకంటే, రెండు వారాలకొకసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోవడం మేలు. ఎంత పీడనం ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కరు చెబుతుంది. గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ తాగడమే గాక టైరు అంచులు కూడా త్వరగా అరుగుతాయి.

మైలేజీని డాష్‌బోర్డు అంకెతో కాకుండా ట్యాంకు నిండుగా పోయించి, మళ్లీ నిండుగా పోయించేటప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించి చూడండి. కొంత తగ్గుదల ఇంధనం వల్లే కావచ్చు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుకంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. హైవే మీద గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 100కు వెళితే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మీ ఆదివారం ప్రయాణంలో వేగం 80 దగ్గర నిలిపి చూడండి, ట్యాంకు లెక్కలో తేడా కనబడాలి.

అప్పటికీ మైలేజీ పడుతూనే ఉంటే, బ్రేకు ఎక్కువగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తగలకుండా దూరంగా పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రమే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి వదలడం లేదని అనుమానించాలి. అది వెంటనే చేయించవలసిన పని.