మా బాబు శ్రీకాకుళం యాసని క్లాసులో వెక్కిరిస్తున్నారు, స్కూల్ వాళ్ళేమో స్టేజ్ ఎక్కిస్తాం అంటున్నారు. ఒప్పుకోవాలా?

సిక్కోలు అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర పల్లెటూరు, మా ఆయన ఉద్యోగం మారి ఈ జూన్ లో హైదరాబాద్ వచ్చేశాం. బాబు నాలుగో క్లాస్, సీబీఎస్ఈ స్కూల్. మొదటి వారంలోనే ఎవరో వీడి పెన్సిల్ లాక్కుంటే "ఏటిరా అలగ లాగీసినావు" అన్నాడంట, అంతే, ఆ రోజు నుంచి క్లాసులో వీడి పేరు "ఏటి". బస్ లో సీటు దగ్గరికి వెళ్తే "ఏటి వచ్చాడు" అంటారు, ఆటలో బాల్ పోతే "ఏటి, బేగి తే" అంటారు. ఒకసారి టీచర్ గారు కూడా పిల్లలతో పాటు నవ్వేసి "సరిగ్గా మాట్లాడటం నేర్చుకో నాన్నా" అన్నారంట, ఆవిడ మంచి మనిషే, కావాలని అనలేదు, కానీ వీడికి అదే బాగా తగిలింది.

ఇప్పుడు క్లాసులో అసలు నోరు విప్పడం లేదు. అన్నిటికంటే నాకు ఏడుపొచ్చింది ఎప్పుడంటే, మొన్న ఆదివారం ఊరి నుంచి మా అత్తగారు ఫోన్ చేసి "ఏటి బావూ తిన్నావా" అంటే వీడు "నాయనమ్మా, అలా మాట్లాడకు, ఏంటి అనాలి" అన్నాడు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రిన్సిపాల్ గారిని కలిశాను. ఆయన బాగానే విన్నారు, వచ్చే నెల వైవిధ్య దినోత్సవం పెడతాం, మీ వాడిని స్టేజ్ మీద ఐదు నిమిషాలు శ్రీకాకుళం యాసలో మాట్లాడిద్దాం, అందరూ చప్పట్లు కొడితే వాడికి ధైర్యం వస్తుంది అన్నారు. ఆయన మనసు మంచిదే, కానీ నాకెందుకో భయంగా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

రవ్వదోసె

పిల్లలన్నాక ఏడిపించుకుంటారండీ, ఇంత పట్టించుకుంటే ఎలా. నాలుగు నెలలు పోతే ఇక్కడి భాష వాడికే వచ్చేస్తుంది, అప్పుడు ఎవరూ ఏమీ అనరు. కొంచెం రాటుదేలనివ్వండి.

పాలమూరు పోరడు

రవ్వదోసె గారూ, గా నాలుగు నెలలు ఎట్లుంటయో నేను జెప్త. నన్ను ఇంటర్ కోసం విజయవాడల హాస్టల్ ల ఏసిన్రు. మొదటి రోజు మెస్ ల "ఎల్లిపాయ కారం ఉందా" అని అడిగితే బల్లంత నవ్విన్రు. అప్పట్ల సినిమాలల్ల మా మాట విలన్లకో కమెడియన్లకో పెడుతుండె, హీరో నోట రాకపోతుండె, కాబట్టి నేను నోరు తెరిస్తే కామెడీ జేస్తున్న అనుకుంటుండ్రి. రెండేండ్లు క్లాస్ ల ఒక్క డౌట్ అడగలె. ఫిజిక్స్ ల డౌట్లు అట్లనే పాయె, మార్కులు గూడ పాయె. మాట మారింది, నిజమే, మీరన్నట్లే అయ్యింది. కానీ ఇంటికి పోయినంక మా అవ్వ దగ్గర గూడ ఆ మాటే వచ్చింది, "పట్నపోని లెక్క మాట్లాడుతున్నవేంది బిడ్డా" అన్నది. అది రాటుదేలుడు గాదు సార్.

అక్కా, నాకు ఇంకా బాధ ఏందంటే ఇప్పుడు మీ బాబును ఎక్కిరిస్తున్న పిల్లల్ల సగం మంది మా లాంటోల్ల పిల్లలే అయి ఉంటరు. మా మాటకు గౌరవం కావాలని కొట్లాడినం, కాళోజీ పుట్టిన రోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం జేసుకుంటున్నం, మరి మన పోరలు ఇంకొకరి మాటకు నవ్వుతుంటే ఊకుంటే ఎట్ల? నేనైతే ఈ రోజే మా బిడ్డను కూసోపెట్టుకొని అడుగుత, మీ క్లాస్ ల ఎవరినన్న మాట గురించి ఏడిపిస్తున్నరా అని.

స్టేజ్ సంగతి ఏమో గానీ, నాకు హాస్టల్ ల కొంచెం ఊపిరాడింది ఒక్కని వల్ల. తెనాలి దిక్కు పిల్లగాడు, రోజూ నా పక్కన కూసొని తింటుండె, ఎవరన్న నవ్వితే తను నవ్వకపోతుండె. లెక్చర్ ఏం ఇయ్యలె, ఊకె నవ్వకపోతుండె, అంతే. మీ బాబుకు క్లాస్ ల అట్లాంటోడు ఒక్కడు ఉన్నడా కనుక్కోండి, ఉంటే వాన్ని ఆదివారం మీ ఇంటికి పిలువుండ్రి.

ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోకుండ్రి. మీరు ఇంట్ల, లిఫ్ట్ ల, దుకాణంల ఏ మాట మాట్లాడుతున్రు?

బలపం టీచర్

చెల్లీ, నేను అనంతపురం జిల్లాలో గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్ లో చెప్తున్నా, కర్ణాటక బార్డర్ కి దగ్గర. నా క్లాసులో ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలున్నారు, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, తండా నుంచి వచ్చే లంబాడీ పిల్లలున్నారు. తండా పిల్లలకి ఒకటో క్లాసులో తెలుగే సరిగ్గా రాదు, మొదట్లో మిగతా పిల్లలు వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు, నేనూ మీ టీచర్ లాగే "అట్లా కాదు, ఇట్లా అనాలి" అని దిద్దేదాన్ని. ఎన్నాళ్ళకో అర్థమయింది, నేను దిద్దిన ప్రతిసారీ నవ్వడానికి వాళ్ళకి నేనే పర్మిషన్ ఇస్తున్నా అని.

స్టేజ్ మీదకి ఒక్కడినే పంపొద్దు, నా మాట విను. ఇప్పటిదాకా క్లాసులో నలభై మంది చూస్తున్నారు, రేపు స్కూలంతా చూస్తుంది, ఆ చప్పట్లు గౌరవంతో కొడుతున్నారా వినోదంగా ఉండి కొడుతున్నారా అనేది తొమ్మిదేళ్ళ పిల్లాడికి బాగా తెలుస్తుంది. వేరేగా ఉన్నది వాడొక్కడే అన్నట్టు అవుతుంది కదా. క్లాసులో ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఊరి వాళ్ళే, అది బయటికి రావాలి.

నేను చేసేది చెప్తా, పైసా ఖర్చు లేదు. రోజుకి ఒక వస్తువు పేరు బోర్డు మీద రాస్తా, మీ ఇంట్లో దీన్ని ఏమంటారో అమ్మనో అవ్వనో అడిగి రండి అంటా. ముందు నా మాట నేనే చెప్తా. మా ఇంట్లో ఉల్లిపాయని ఎర్రగడ్డ అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాం అని నేను చెప్పాకే పిల్లలు నోరు తెరుస్తారు. ఒకరోజు నీళ్ళు అని రాశా. కన్నడ పిల్ల నీరు అంది, లంబాడీ పిల్లాడు పాణి అన్నాడు, వెంటనే ఉర్దూ పిల్ల లేచి "మేడమ్ మాదీ పానీయే" అని అరిచింది, అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది నేను చూడలేదు. మీ హైదరాబాద్ క్లాసులో అయితే ఇంకా బాగుంటుంది, రాగులే తీసుకో, మీవైపు చోళ్ళు, తెలంగాణలో తైదలు. పల్లీలు అనేవాళ్ళుంటారు, మా సీమ వాళ్ళుంటే చెనిక్కాయలు అంటారు, గోంగూర దగ్గర పుంటికూర వస్తుంది. ఈ మాటలన్నీ చార్ట్ మీద రాసి గోడకి పెడితే "ఏటి" కూడా ఆ గోడ మీద ఒక మాట అవుతుంది, ఇక పేరు పెట్టి పిలవడానికి అందులో ఏముంటుంది.

ఇంకోటి, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని చేస్తాం కదా, అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టింది మీ శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన మనిషి, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన మనిషి. ఆ సంగతి క్లాస్ టీచర్ అందరికీ చెప్పాలి, మీ వాడితో చెప్పించొద్దు.

టీచర్ తో మెల్లగా మాట్లాడు, వినకపోతే గట్టిగానే అడుగు. సీబీఎస్ఈ 2015లోనే బుల్లీయింగ్ ఆపడానికి స్కూళ్ళలో కమిటీ ఉండాలని సర్క్యులర్ ఇచ్చింది, మీ స్కూల్ లో అది ఉందా, అందులో ఎవరున్నారు అని రాతపూర్వకంగా అడగొచ్చు. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17లోనే ఉంది.

హాలిఫాక్స్ గుంటూరోడు

టీచర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేనుండేది కెనడాలో నోవా స్కోషియా, ఈ దేశంలో ఫిబ్రవరి ఆఖరి బుధవారం చాలా స్కూళ్ళలో పిల్లలు పింక్ చొక్కాలు వేసుకెళ్తారు, మా అమ్మాయి మొదటిసారి అడిగినప్పుడు ఎందుకో నాకు తెలియలేదు. 2007లో ఈ రాష్ట్రంలోనే ఒక హైస్కూల్ లో తొమ్మిదో క్లాస్ పిల్లాడు పింక్ చొక్కా వేసుకొచ్చాడని ఏడిపించి బెదిరించారు. పన్నెండో క్లాస్ కుర్రాళ్ళిద్దరు అది విని అదే రోజు షాప్ కి వెళ్ళి యాభై పింక్ చొక్కాలు కొని, మర్నాడు స్కూల్లో పంచారు. ఆ పిల్లాడిని మళ్ళీ పింక్ వేసుకుని మైక్ దగ్గరికి రమ్మని ఎవరూ అడగలేదు చూడండి, చుట్టూ ఉన్నవాళ్ళే వేసుకున్నారు. మీ ప్రిన్సిపాల్ గారికి ఈ కథ చెప్పండి, పెద్ద క్లాస్ పిల్లల్ని కలుపుకోమనండి, బస్ లో జరిగేది ఆపగలిగేది వాళ్ళే.

సిక్కోలు అమ్మ

అందరికీ చాలా థాంక్స్, ఆలస్యంగా రాస్తున్నా. స్టేజ్ వద్దని చెప్పేశాను, ప్రిన్సిపాల్ గారు కొంచెం నొచ్చుకున్నారు, కానీ బలపం టీచర్ గారి పోస్ట్ ప్రింట్ తీసి ఇస్తే చదివారు. క్లాస్ టీచర్ గారు నాకు ఫోన్ చేసి, ఆవిడది నల్గొండ అంట, తను కూడా ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మాట మార్చుకున్నానని చెప్పి చాలాసేపు మాట్లాడారు. పోయిన వారం నుంచి గోడ మీద చార్ట్ పెట్టారు, మొదటి మాట ఆవిడే రాశారు.

పాలమూరు తమ్ముడూ, నువ్వు అడిగినదానికి రెండు రోజులు జవాబు చెప్పలేకపోయాను. నేను కూడా మార్చేశాను. పక్కింటి ఆవిడ లిఫ్ట్ లో కలిస్తే "ఏంటండీ" అంటాను, ఇంట్లోకి వచ్చి తలుపేశాక "ఏటి" అంటాను, వాడు పక్కనే ఉండి అన్నీ చూశాడు. ఇప్పుడు లిఫ్ట్ లో కూడా మా మాటే మాట్లాడుతున్నా, మొదటి రోజు గొంతు వణికింది.

బస్ లో ఇంకా అంటున్నారు, అది ఆగలేదు, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్ కి, కమిటీకి లెటర్ ఇచ్చాను, ఎదురు చూస్తున్నా. ఒక పిల్లాడు మాత్రం, వరంగల్ వాళ్ళంట, వీడి పక్కన కూర్చుంటున్నాడు, ఆదివారం ఇంటికి పిలిచాను.

మా వాడికి రేపటి మాట తూనీగ అంట. ఊరి మాట కోసం నాయనమ్మకి ఫోన్ చేస్తానని వాడే ఫోన్ తీసుకెళ్ళాడు. చిత్తూరు వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే మీ ఊళ్ళో ఏమంటారో కూడా రాయండి, వాడు నోట్‌బుక్ లో ఒక లైన్ ఖాళీ ఉంచుకున్నాడు.