ముహూర్తం కోసం 38 వారాలకే ఆపరేషన్ చేయించుకోవచ్చా?

కొర్లగుంట కోడలు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, నాకిది తొలి కాన్పు. నిన్నటికి 37 వారాలు నిండాయి, బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉందని స్కాన్‌లో చెప్పారు. మా అత్తమ్మ పంచాంగం చూపించి ఒక మంచి రోజు పెట్టించుకొచ్చింది, ఆ రోజుకి నాకు 38 వారాల 2 రోజులు అవుతాయి. డాక్టరమ్మను అడిగితే మీ ఇష్టం, చేసేద్దాం అన్నారు. నాకేమో నొప్పులు వచ్చేదాకా ఆగాలని ఉంది, కానీ ఎందుకని ఇంట్లో అడిగితే గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పది రోజుల్లో ఏం తేడా వస్తుంది అంటున్నాడు మా ఆయన. నిజంగా తేడా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

చిత్తూరు నాన్న:
చెల్లీ, మేము ముహూర్తానికే చేయించాం. పాపకు నాలుగేళ్లు నిండాయి, బంగారంలా ఉంది. మా అక్క ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడీ పడీ చివరికి ఆపరేషన్‌కే పోయింది, బయట వరండాలో కూర్చొని ఆ అరుపులు విన్నవాణ్ణి నేను, ఇంకో ఆడబిడ్డ అంత కష్టపడాలని చెప్పలేను. పెద్దావిడ మనసు నొప్పించడం ఎందుకు? స్టడీలు చూడమంటారు కొందరు, మరి పుత్తూరు కట్టుకు ఏ స్టడీ చూసి పోతున్నారు జనం? బాగైనవాళ్ల మాట విని పోతున్నారు.

లేబర్ రూమ్ అక్క:
అమ్మా, నేను 22 ఏళ్లుగా కాన్పుల వార్డులో నర్సుగా చేస్తున్నాను. తేడా ఉంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఉంటుంది, నొప్పులు మొదలయ్యాక ఊరే హార్మోన్ల వల్ల ఆ నీరు ఇంకిపోవడం ఊపందుకుంటుంది. నొప్పులే రాకుండా, అదీ నాలుగు రోజులు ముందే బయటికి తీస్తే కొంతమంది బిడ్డలు ఎగశ్వాస పడతారు. చాలామంది రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు, కానీ ఆ రెండు మూడు రోజులు బిడ్డ అద్దాల పెట్టెలో, తల్లి కుట్లతో ఇంకో వార్డులో, పాలు పడటం ఆలస్యం. ముహూర్తం చూసుకున్న ఇంట్లోవాళ్లు ఆ గది బయట నిలబడి ఏడుస్తుంటే ఎన్నోసార్లు చూశాను.

లెక్క కావాలంటే, అమెరికాలో 13 వేలకు పైగా తల్లుల మీద చేసిన పరిశీలన 2009లో వచ్చింది. వాళ్లంతా ఇంతకుముందు ఆపరేషన్ అయి, మళ్లీ తేదీ పెట్టుకొని చేయించుకున్నవాళ్లు. ఊపిరి ఇబ్బంది, ఇన్ఫెక్షన్, ఐసీయూలో చేర్చడం లాంటివన్నీ కలిపి చూస్తే 37 వారాలు నిండి పుట్టినవాళ్లలో 15.3 శాతం బిడ్డలకు, 38 నిండినవాళ్లలో 11 శాతానికి, 39 నిండినవాళ్లలో 8 శాతానికి సమస్య వచ్చింది. నువ్వు తొలిచూలు కాబట్టి అదే అంకె నీకూ అని చెప్పను, కానీ అది ఏ వైపు పోతోందో చూడు. అందుకే వైద్య కారణం లేని ఆపరేషన్ అయితే 39 వారాలు నిండాకే అంటారు. అదీగాక తొలి నెలల్లో స్కాన్ తీయించుకోకపోతే తేదీ వారం అటూ ఇటూ ఉంటుంది, మనం 38 అనుకునేది నిజానికి 37 కావచ్చు.

చిత్తూరు నాన్నగారికి ఒక్క మాట. మీ పాప చల్లగా ఉండాలి. కానీ కట్టు కట్టించుకొని బాగైనవాళ్లు ఊరంతా చెప్తారు, బాగుకానివాళ్లు మౌనంగా ఇంకో ఆసుపత్రికి పోతారు. ఇద్దరినీ లెక్కపెట్టడమే స్టడీ అంటే.

చిత్తూరు నాన్న:
అక్కా, మీ మాట కాదనను. కానీ మన రాష్ట్రంలో 2019-21 ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 63. ఇంతమంది డాక్టర్లకు తెలియదంటారా? ఏదైనా జరగరానిది జరిగితే అద్దాలు పగలగొట్టేది మనమే కదా, ఆపరేషన్ ఎందుకు చేశావని కొట్టినవాడు లేడు, ఎందుకు చేయలేదని కొట్టినవాళ్లే. ఆ భయంతో వాళ్లు కత్తి పట్టుకుంటే తప్పెవరిది?

లేబర్ రూమ్ అక్క:
ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటాను. డ్యూటీలో ఆ భయం నేనూ పడ్డాను. కానీ తెలిసినవాళ్లందరూ చేస్తున్నారు కాబట్టి సరైనదే అనుకోవద్దు, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. నేను చేరిన కొత్తలో తొలి కాన్పు అంటే చాలు బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర కత్తెర పెట్టి కోసేవాళ్లం, అందరికీ ఎనిమా, అందరికీ షేవింగ్, నొప్పుల్లో ఒక గుక్క నీళ్లు అడిగినా వద్దనేవాళ్లం. సీనియర్లు నేర్పారు, చేశాను. ఆ తల్లులు నెల రోజులు కూర్చోలేక పడిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసులో ముల్లులా ఉంటుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది, ఇవేవీ అందరికీ చేయాల్సినవి కావు, అవసరం ఉన్నవాళ్లకే కోత, సమస్య లేని తల్లికి నొప్పుల్లో నీళ్లు, తేలికైన ఆహారం ఇవ్వొచ్చు అని.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. నెలలు నిండకుండా నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం కదా, అది పనిచేస్తుందని న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే ఇద్దరు డాక్టర్లు 1972లోనే చూపించారు. తర్వాత ఇంకా పరీక్షలు జరిగాయి, అన్నీ కలిపి చూస్తే సందేహమే లేదు, అయినా ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు చాలామంది తల్లులకు అది అందలేదు. దక్కాల్సిన బిడ్డలు దక్కలేదు. రుజువు చూడకపోతే అక్కర్లేనివి చేస్తాం, కావాల్సినవి చేయం.

నేను ఆపరేషన్‌కు వ్యతిరేకిని అనుకోవద్దు. మాయ కిందికి ఉంటే, బిడ్డ అడ్డం తిరిగితే, గుండె చప్పుడు పడిపోతుంటే ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. అన్నీ వాటంతటవే జరగాలి, నొప్పులు తెప్పించకూడదు అనేవాళ్లది కూడా పూర్తిగా నిజం కాదు, సమస్య లేని తొలిచూలు తల్లులకు 39 వారాలు నిండాక నొప్పులు తెప్పిస్తే ఆపరేషన్లు కాస్త తగ్గాయని 2018లో అమెరికాలో తేలింది. ఇంకో విషయం మీ అత్తమ్మకు చెప్పమ్మా, గర్భసంచి మీద మచ్చ ఉంటే వచ్చే కాన్పులో మాయ ఆ మచ్చకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. రెండో మనవడో మనవరాలో కావాలనుకునే పెద్దావిడకు ఆ మాట త్వరగా అర్థమవుతుంది.

కొర్లగుంట కోడలు:
అక్కా, ఈరోజు చెకప్‌కు అత్తమ్మనే వెంట తీసుకెళ్లాను. 39 వారాలు నిండకుండా చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చట కదా మేడం అని అడిగాను. నిజమే, మీరే తొందరపడుతున్నారని ఒప్పుకున్నాను అన్నారు ఆమె. నొప్పుల కోసం ఆగుదాం, 41 వారాలు నిండేదాకా రాకపోతే అప్పుడు తెప్పిద్దాం అని రాసిచ్చారు. అత్తమ్మ దారిలో ఏమీ మాట్లాడలేదు, ఇంటికొచ్చాక బిడ్డ పుట్టిన టైమ్‌కు జాతకం రాయిస్తాలే అంది. ఇంకొక్కటి అడగాలి, లోపల మా అమ్మను నా పక్కన ఉండనిస్తారా?

లేబర్ రూమ్ అక్క:
చాలా సంతోషం తల్లీ. పక్కన తోడు మనిషి ఉంటే నార్మల్ కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని రుజువు ఉంది, సర్కారు ఆసుపత్రుల్లో ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం కూడా చెప్పింది, కాన్పుల గదులు బాగుచేయడానికి కేంద్రం పెట్టిన 'లక్ష్య' కార్యక్రమంలో అది ఉంది. ప్రైవేటులో అయితే ఇప్పుడే అడిగి పెట్టుకో, నొప్పుల్లో అడిగితే వినేవాళ్లు ఉండరు. అమ్మను ఉతికిన చీర కట్టుకొని రమ్మను, జలుబు దగ్గు లేకుండా చూసుకోమను, వచ్చాక మధ్యలో బయటికీ లోపలికీ తిరగకుండా నీ నడుము పట్టుకొని అక్కడే ఉండమను.