డీటీపీ షాపుకి వర్డ్ కొనాలా, లిబ్రేఆఫీస్ చాలా?

గవర్నర్‌పేట డీటీపీ:
మూడు సిస్టమ్‌ల షాపు. అర్జీలు, అగ్రిమెంట్లు, స్కూలు ప్రశ్నపత్రాలు, కాలేజీ రికార్డులు చేస్తాం. దొంగ వర్డ్ తీసేస్తున్నాం. మూడింటికీ లైసెన్సు కొనాలా, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వేసుకోవాలా? తెలుగూ ఇంగ్లిషూ కలిసిన పనే ఎక్కువ. ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి చాలు.

పెంగ్విన్ కృష్ణలంక:
కొనక్కర్లేదన్నా. లిబ్రేఆఫీస్‌ని వ్యాపారానికి వాడినా పైసా కట్టక్కర్లేదు. చవగ్గా వస్తోందని హోమ్ అండ్ స్టూడెంట్ ఆఫీస్ కొని షాపులో వేయకండి, దాని లైసెన్సు ఇంటి వాడకం వరకే.

వేయగానే టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్, జనరల్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. తర్వాత ఎఫ్11 నొక్కి, డిఫాల్ట్ పారాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ స్టైల్, ఫాంట్ ట్యాబ్ తెరవండి. అక్కడ వెస్టర్న్ (ఇంగ్లిష్‌కి) వేరు, కాంప్లెక్స్ (తెలుగుకి) వేరు. వెస్టర్న్‌లో 14 పెట్టి ఊరుకుంటే ఇంగ్లిష్ పెరుగుతుంది, తెలుగు 12 దగ్గరే ఉండిపోతుంది. ‘సైజు మారట్లేదు’ అని జనం లిబ్రేని తిట్టేది చాలావరకు ఇందుకే.

బ్రాడీపేట టైపిస్టు:
కొత్త ఫైలుకి బాగానే ఉంది. మరి అను తెలుగు ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు? లిబ్రేలో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఫాంటు వేసినా, దిద్దబోతే అక్షరాలు వాటంతట అవే మారిపోతాయి. గిరాకీ ఎదురుగా కూర్చున్నప్పుడు ఇది కుదరదు మాస్టారూ. నా ఓటు వర్డ్‌కే.

పెంగ్విన్ కృష్ణలంక:
ఆ తప్పు లిబ్రేది కాదండీ, వర్డ్‌లోనూ అంతే. అను ఫైల్లో ఉన్నది తెలుగు కోడు కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు. ఆటోకరెక్ట్ దాన్ని ఇంగ్లిష్ అనుకుని వాక్యం మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్దది చేస్తుంది, మామూలు కోట్‌ని వంకర కోట్ చేస్తుంది. కోడు మారితే బొమ్మా మారుతుంది. టూల్స్‌లో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ తెరిచి వాక్యం మొదటి అక్షరం, వరసగా రెండు పెద్దక్షరాల టిక్కులు తీసేయండి. కోట్‌లది పక్కన లోకలైజ్డ్ ట్యాబ్‌లో ఉంటుంది.

మళ్లీ మళ్లీ వాడే ఫార్మాట్లను మాత్రం యూనికోడ్‌కి (అసలైన తెలుగు కోడుకి) మార్చుకోండి. మార్చాక ఒత్తులు, రావత్తు, వట్రసుడి ఒక్కొక్కటీ చూడాల్సిందే. దస్తావేజుల్లో ఇంటిపేర్లు ఇంకా జాగ్రత్త.

లీగల్ సైజు:
నేను ఇద్దరితోనూ ఒప్పుకోను. అసలు గొడవ ఫాంటుది. గౌతమిలో చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో వర్డ్‌లో తెరిచినా పేజీలు జరుగుతాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ముందే వేసి రావు, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. అంతకంటే మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు ఒకటి అన్ని సిస్టమ్‌లలో పెట్టుకోండి. బయటికిచ్చే ఫైలైతే ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్‌లో ఎంబెడ్ టిక్ పెట్టండి, ఫాంటు ఫైలుతోపాటే వెళ్తుంది. ప్రింటుకి పీడీఎఫే పంపండి.

ఇంకోటి, లైన్ స్పేసింగ్ ‘ఫిక్స్‌డ్’ పెట్టొద్దు. 14 సైజు తెలుగుకి 16 పాయింట్లు బిగిస్తే ‘రాష్ట్రం’ కింద ఒత్తులు తెగుతాయి. ప్రపోర్షనల్ పెట్టుకుని శాతం సర్దుకోండి.

గవర్నర్‌పేట డీటీపీ:
గూగుల్ డాక్స్ మాటేంటి?

లీగల్ సైజు:
పిల్లల రికార్డులకి ఓకే. కానీ అగ్రిమెంటు, ఆధార్ నంబర్లు షాపు జీమెయిల్లో పోగేయడం మంచిది కాదు. నెట్ పోతే పనీ ఆగుతుంది.

బ్రాడీపేట టైపిస్టు:
సరే, ఆటోకరెక్ట్ సంగతి ఒప్పుకున్నా. లెక్కల పేపర్లు మాత్రం వదలను. ఈక్వేషన్లున్న వర్డ్ ఫైలు లిబ్రేలో దిద్ది స్కూలుకి తిరిగిస్తే అమరిక చెదరొచ్చు. మూడింట్లో ఒక్కదానికి లైసెన్సు కొనండి, ఆ పేపర్లు దాని మీదే చేయండి.

పెంగ్విన్ కృష్ణలంక:
ఒక్కటైతే సరే. మిగతా రెండింట్లో టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లో ‘ఆల్వేస్ సేవ్ యాజ్’ని వర్డ్ ఫార్మాట్‌కి మార్చడం మర్చిపోకండి. లేదంటే ఓడీటీ (లిబ్రే సొంత ఫార్మాట్) ఫైలు పట్టుకుని గిరాకీ మర్నాడు మళ్లీ షాపుకొస్తాడు.