నది నీళ్లు వచ్చే ఇంటికి ఆర్వో మిషను అవసరమా?

వానచుక్క (హైదరాబాద్)

మా వంటింట్లో ఆర్వో మిషను (నీటిని సన్నని పొర గుండా నెట్టి లవణాలు వడగట్టేది) పెట్టి తొమ్మిదేళ్లయింది. దాని వెనక నుంచి సన్నని తెల్ల గొట్టం ఒకటి సింకులోకి వేలాడుతూ ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాని సంగతి పట్టించుకోలేదు. పోయిన ఆదివారం మిషనులోని ఆరు లీటర్ల ట్యాంకు ఖాళీ చేసి, ఆ గొట్టం కింద ఇరవై లీటర్ల బకెట్టు పెట్టాను. ట్యాంకు నిండేసరికి బకెట్టు దాదాపు నిండిపోయింది. రోజూ అన్ని నీళ్లు మురుగులోకి పంపిస్తున్నామని తెలిసి మనసు చివుక్కుమంది.

తర్వాత పెన్ను అంతుండే టీడీఎస్ మీటరు తెప్పించాను. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. నల్లా నీటిలో ముంచితే 260, మిషను నీటిలో 28. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. అంటే ఏ ఇబ్బందీ లేని నీటిని వడగట్టడానికి మూడు రెట్ల నీటిని పారబోస్తున్నాం. అవి నాగార్జున సాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తెచ్చిన కృష్ణా నీళ్లు! 500 లోపు లవణాలున్న నీటికి ఆర్వోను నిషేధించాలని, అనుమతించిన చోట కూడా కనీసం 60 శాతం నీరు వాడకానికి దక్కేలా చూడాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రాన్ని ఆదేశించింది.

గుడ్డ సంచులు, ఎల్ఈడీ బల్బుల గురించి ఎంతో మాట్లాడుకుంటాం. నగరాల్లో ఈ మిషనును తీసేయడం వాటికంటే ముందు చేయాల్సిన పని అని నా గట్టి అభిప్రాయం. కాదనేవారు ఎందుకో చెప్పండి.

పొదిలి వాస్తవ్యుడు

వానచుక్క గారూ, మీ బకెట్టు లెక్క సరైనదే. కానీ ఆర్వో అంటేనే తప్పు అన్నట్టు రాయకండి. మా పొదిలి, దర్శి ప్రాంతంలో ఫ్లోరోసిస్ (నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) గురించి వైద్యులు 1937లోనే రాశారు. మా తాతగారు చివరి పదేళ్లు నడుము ఎత్తలేదు. ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాల్సి వచ్చేది. మా తరం వాళ్లం నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరిగాం, పళ్ల మీద గోధుమరంగు గీతలు కనబడకుండా.

ఇంకొక మాట. మీ మీటరు ఫ్లోరైడును విడిగా చూపించదు. లవణాలు 400 ఉన్న బోరు నీటిలోనూ ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి దాటి ఉండవచ్చు. నీళ్లు కాచినా అది పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. మీరు రాసింది చదివి మా ఊళ్లో ఒక్కరు మిషను తీసేసినా నష్టం వాళ్ల పిల్లల ఎముకలకే.

మూడో అంతస్తు

ఫ్లోరైడు మాట అటుంచండి. హైదరాబాద్‌లోనే మాలాంటి అపార్టుమెంట్ల సంగతి ఏమిటి? మా సంపులోకి నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో టాంకరు నీళ్లు అన్నీ కలుస్తాయి. నేనూ మీటరుతో చూశాను. జనవరిలో 310, ఏప్రిల్‌లో 1,100. పైగా రెండేళ్ల క్రితం మా పాపకు టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు మంచాన పడింది. ఆ తర్వాతే ఆర్వో పెట్టించాం. ఇప్పుడు తీసేయమంటే నాకు ధైర్యం చాలదు.

వానచుక్క (హైదరాబాద్)

పొదిలి వాస్తవ్యుడు గారూ, మీ మాటకు తలవంచుతున్నాను. నేను రాసింది శుద్ధి చేసిన నది నీళ్లు వచ్చే ఇళ్ల గురించే. ఆ మాట ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సింది.

మూడో అంతస్తు గారూ, పాప విషయం చదివి బాధ కలిగింది. కానీ టైఫాయిడ్ తెచ్చేది సూక్ష్మజీవి, దానికీ టీడీఎస్‌కూ సంబంధం లేదు. కాచినా అది చస్తుంది, అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ మిషను పెట్టినా చస్తుంది. యూవీ చుక్క నీటిని కూడా పారబోయదు. మీ సంపు చివరిసారి ఎప్పుడు కడిగారు? ఒక్కో ఇంట్లో రోజుకు పది లీటర్లు వడకడితే ముప్పై లీటర్లు మురుగులోకి పోతాయి. 120 ఇళ్ల సముదాయంలో అది 3,600 లీటర్లు. మూడు రోజులకు రెండు టాంకర్లు పారబోసి, మళ్లీ టాంకరు కోసం ఫోను పట్టుకుని కూర్చుంటున్నాం.

తులసికోట

నేను పాతకాలం మనిషిని. మా అమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేది. తెల్లారేసరికి మట్టంతా అడుగుకు చేరి, నీళ్లు తేటగా ఉండేవి. ఇప్పుడు నేను కుళాయి నీళ్లు కాచి, చల్లార్చి, మట్టికుండలో పోస్తాను. మా కోడలు వాళ్లింట్లో మిషను ఉంది. వదిలేసే నీళ్లు వృథా కాకూడదని కరివేపాకు మొక్కకు పోసేది. మూడు నెలలకు ఆకుల అంచులు మాడిపోయాయి. ఇప్పుడు ఇల్లు తుడవడానికి, బాత్రూముకు మాత్రం వాడుతోంది. పారబోయడం కంటే అది నయమే కదా?

నీటి పరీక్ష

నీటి పరీక్షలు చేసే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. తులసికోట గారూ, చిల్లగింజ మట్టిని దించుతుంది, క్రిములను చంపదు. మీరు కాచి తాగుతున్నారు కాబట్టి చిక్కు లేదు. వదిలేసే నీటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి. కుండీలో వాటిని కడిగే వాన కూడా పడదు కనుక మొక్క మాడుతుంది.

వానచుక్క గారి వాదనతో నాకు పేచీ ఒక్క చోటే. మీటరు అంకె చిన్నదైతే నీళ్లు మంచివని కాదు. అది లవణాల మొత్తం మాత్రమే. క్రిములు, సీసం, పురుగుమందులు అందులో తెలియవు. మిషను తీసేసే ముందు ఒకసారి పూర్తి పరీక్ష చేయించండి.

పొదిలి వాస్తవ్యుడు గారూ, మీ మిషను నుంచి వచ్చే నీటిని కూడా పరీక్ష చేయించారా? లోపలి పొర పాతబడితే ఫ్లోరైడు దాటి వచ్చేస్తుంది. ఆ సంగతి రుచిలో తెలియదు. ఊళ్లలో క్యాన్లు నింపే ప్లాంట్లు వదిలే నీరు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. పక్కనే గుంటలో ఇంకితే ఆ ఫ్లోరైడు తిరిగి బోర్లకే చేరుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడును అడుగుకు దించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. అక్కడ కూడా అడుగున మిగిలే బురదను ఎక్కడ పోయాలన్నది చిక్కే.

మూడో అంతస్తు

నిన్న కాపలాదారును అడిగాను. సంపు కడిగి పద్నాలుగు నెలలైందట. ఈ శనివారం కడిగిస్తున్నాం. నల్లా నీళ్లకు, బోరు నీళ్లకు సంపులో మధ్య గోడ కట్టడానికి ఎంతవుతుందో మేస్త్రీని అడిగాం. ఆ గోడ లేచేవరకు నా మిషను ఉంటుంది. వదిలే నీటికి మాత్రం డ్రమ్ము పెట్టాను.

పొదిలి వాస్తవ్యుడు

మిషను నీటిని పరీక్ష చేయించలేదు. అడగగానే సిగ్గేసింది, సోమవారం సీసా పంపిస్తాను. మా వీధి ప్లాంటు నీరు గుంటలోకే పోతోంది, అది నేను రోజూ చూస్తున్నదే. అయినా వానచుక్క గారూ, ఒక్కటి గుర్తుంచుకోండి. మీ నల్లాలో వచ్చేది, మేం కుడి కాలువ చివర కూర్చుని ఎదురుచూసేది ఒకే సాగర్ నీరు. కాలువ నీళ్లు మా చెరువుకు చేరి, కుళాయిల్లో వచ్చిన రోజుల్లో మా ఆవిడ మిషను స్విచ్చి ఆపేస్తుంది. కిందటి ఏడాది అలా ఆపింది నాలుగు నెలలే.