ఆమ్‌స్టర్‌డాంలో వలసల మీద పీహెచ్‌డీ: సలహా కావాలి

హన్మకొండ అమ్మాయి: అన్నలకు, అక్కలకు నమస్తే. కాకతీయలో ఎంఏ అయింది. సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డాం యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరుతున్నా. జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల మీద పని. అక్కడి ఇంటర్నేషనల్ మైగ్రేషన్ ఇన్‌స్టిట్యూట్ నెట్‌వర్క్‌లోకి కొత్తవాళ్లను రానిస్తారా? వచ్చేలోపు ఏం చదువుకోవాలి?

కాజీపేట: చదువు సంగతి తర్వాత బిడ్డా, ముందు ఇల్లు. అడ్రస్ నమోదు చేసుకోనిస్తాడో లేదో ఓనర్‌తో రాయించుకో. నేను వచ్చిన ఏడాది అడగలేదు. అటక మీద గది, నిలబడితే తల దూలానికి తగిలేది. అడ్వాన్స్ తీసుకుని, తాళం చేతిలో పెట్టాక చెప్పాడు, ఇక్కడ పేరు నమోదు కుదరదని. నమోదు లేకపోతే బీఎస్ఎన్ నంబర్ రాదు, అంటే మన ఆధార్ లాంటి ఇక్కడి నంబర్. నంబర్ ఇవ్వకపోతే జీతంలో 52 శాతం పన్ను కోస్తారు. మొదటి జీతం ఎంతో చెబితే మా నాన్న ఫోన్‌లో "సగం ఎవడు తిన్నడురా?" అన్నాడు. ఇంకో గది దొరికేదాకా కిచిడీతో బతికా. ఖాళీ చేసేటప్పుడు గోడకు మేకు రంధ్రం ఉందని 300 యూరోలు పట్టుకున్నాడు. ఆ మేకుకు వేలాడింది వాడి కాలెండరే! పద్నాలుగు రోజుల్లో మున్సిపాలిటీకి వెళ్లు, మర్చిపోకు.

భీమదేవరపల్లి: పద్నాలుగు రోజులు జర్మనీలో అన్నా. ఇక్కడ నాలుగు నెలలకు మించి ఉండేవాళ్లు దిగిన ఐదు రోజుల్లో వెళ్లాలి. అడ్వాన్స్ కూడా 2023 జులై నుంచి కొత్త ఒప్పందాలకు రెండు నెలల మూల అద్దెకు (కరెంటు, సర్వీసు ఖర్చులు కలపని అద్దె) మించకూడదు. చెల్లీ, బర్త్ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించుకో. అంతకన్నా ముందు అందులో నీ పేరు ఉందో లేదో చూసుకో. నాదాంట్లో పేరు గడి ఖాళీ, "ఆడ" అని మాత్రం ఉంది.

కాజీపేట: నేను వచ్చినప్పుడు పద్నాలుగే.

భీమదేవరపల్లి: అప్పుడూ ఐదే.

మంచిర్యాల: ఆ పిల్ల అడిగిందేంది, మీరు చెప్పేదేంది? ఆ మైగ్రేషన్ ఇన్‌స్టిట్యూట్ 2006లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలై 2017లో ఆమ్‌స్టర్‌డాంకు వచ్చింది. రానిస్తారా అన్నది నీ గైడ్‌నే అడుగు. వాళ్ల వర్కింగ్ పేపర్లు ఉచితం, ముందు అవి చదువు. డెమిగ్ అనే డేటా ఉంది: 45 దేశాలు, 6,500కు పైగా వలస విధానాల మార్పులు. 1945 నుంచి చూస్తే మొత్తంగా తలుపులు మూసుకోలేదు, ఎవరిని రానివ్వాలో ఏరుకోవడం పెరిగింది. నీకు వీసా వచ్చింది, మీ ఊరి తాపీమేస్త్రీకి రాదు.

కాజీపేట: ఆ పేపర్లతో మెట్‌పల్లిలో ఎవరికి ఏం ఒరిగింది? బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఊరికే అన్నారా? కరువు వల్లే పోయిండ్రు. దానికి డేటా ఎందుకు?

మంచిర్యాల: కరువొక్కటే కారణమైతే అందరికన్నా బీదవాడు ముందు పోవాలి కదా. వాడికి ఏజెంట్‌కు కట్టేందుకు అప్పు కూడా పుట్టదు. దుబాయి పోయినవాడికి తాకట్టు పెట్టేందుకు నాలుగు గుంటల భూమైనా ఉంది.

సిరిసిల్ల: మా నాన్న పదహారేళ్లు సౌదీలో చేసిండు. చెల్లీ, నీకు యూనివర్సిటీ వాళ్లు సమ్మతి పత్రం ఇచ్చి సంతకాలు తెమ్మంటారు. ఒకాయన అలాంటి కాగితమే తీస్తే మా నాన్న మాట మధ్యలో లేచి బర్రెకు నీళ్లు పెట్టడానికి పోయిండు, మళ్లీ రాలేదు. ఆయనను ముంచింది సంతకమే: ఇక్కడ చెప్పింది ఒక జీతం, దిగినంక అరబ్బీ కాగితంలో ఇంకో జీతం. నోటిమాటగా సమ్మతి తీసుకోవచ్చా అని ఎథిక్స్ కమిటీని ముందే అడుగు. అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) నంబర్ రాసుకోకు. ఆజాద్ వీసా (వీసా ఒకరిది, పని ఇంకెక్కడో), ఖల్లివెల్లి (కాగితాల్లేకుండా ఉండిపోయినవాళ్లు) లాంటి మాటలు వాళ్ల నోట వచ్చేదాకా నువ్వు ఎత్తకు. ఆడవాళ్లతో విడిగా మాట్లాడు. అప్పు ఎంతో మా నాన్నకు గుర్తులేదు, మా అమ్మకు వడ్డీతో సహా నోటికి వచ్చు.

హన్మకొండ అమ్మాయి: అక్కా, బీరువా తీసి చూశా. నాదాంట్లోనూ గడి ఖాళీనే, పేరు ఎక్కించుకోవడానికి రేపు పొద్దున్నే ఇక్కడి మున్సిపాలిటీకి పోతున్నా. సిరిసిల్ల అన్నా, ఆదివారం వస్తే మీ అమ్మతో మాట్లాడొచ్చా? కాగితం తీయను.