1934 నాటి విజయనగరం గూడ్స్ రిజిస్టర్లు ఎక్కడ చూడొచ్చు?

విజయనగరం స్టేషన్‌లో ఇచ్చిన పాత గూడ్స్ రసీదు ఒకటి మా ఇంట్లో ఉంది. పైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పేరు, 1934 ఫిబ్రవరి తేదీ, సరుకు గోగునార, చేరాల్సింది వైజాగ్ హార్బర్‌కి. బరువు రాసిన చోట చెదలు తినేశాయి. పంపినవారి పేరు సగమే కనబడుతోంది.

ఈ ప్రాంతం గోగునార అంతకుముందు భీమిలిలో ఓడ ఎక్కేది. అక్కడ ఓడ సముద్రంలోనే ఆగాలి, సరుకు పడవల్లో చేరవేయాలి. వైజాగ్‌లో 1933 అక్టోబర్ 7న జలదుర్గ ఓడ లోపలికే వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ హార్బర్‌ని లాంఛనంగా ప్రారంభించాడు. రాయపూర్ నుంచి విజయనగరం వచ్చే రైలు లైను అప్పటికే 1931లో పూర్తయింది (అసలు గురి మధ్యపరగణాల మాంగనీసు మీద, మన నార మీద కాదు). హార్బర్ ప్రారంభమైన రెండు నెలలకే మన వ్యాపారులు రూటు మార్చేశారేమోనని అనుమానం. ఒక్క రసీదుతో ఆ మాట అనలేను కదా.

రసీదు నంబరు పట్టుకుని ఒక రైల్వే ఆఫీసులో అడిగితే పాతవన్నీ కలకత్తా వెళ్ళిపోయాయన్నారు. అక్కడికి మెయిల్ పెడితే జవాబు లేదు. దొరికిన పాత రిపోర్టుల్లో మొత్తం ఎగుమతుల లెక్కలే ఉన్నాయి, స్టేషన్లవారీగా లేవు.

1930ల నాటి స్టేషన్ గూడ్స్ బుకింగ్ రిజిస్టర్లు ఏ ఆర్కైవ్‌లో చూడటానికి ఇస్తారో, స్వయంగా చూసినవాళ్ళెవరైనా చెప్పగలరా?